తందాన ఎవరిది?

రాజోలు వైపు నుంచి భీష్మ ఏకాదశికి అంతర్వేది వెళ్ళే జనం లక్ష్మీనరసింహుడి రథం చూడ్డానికి వెళ్తారు. ఒకప్పుడు ఇలాంటి తీర్థాల్లో జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టిన వాటిలో బుర్రకథ ఒకటి. మధ్యలో తంబుర మీటుతూ కథకుడు, చెరోవైపు డక్కీలతో వంతలు. ఒక వంత రాజకీయం మాట్లాడతాడు, ఇంకొకడు నవ్విస్తాడు. కథకుడు ఊపిరి తీసుకునే చోట ఇద్దరూ కలిసి ‘తందాన తాన’ అందుకుంటారు. ఆ మాటకు అర్థమేమిటని ఎవరూ అడగరు. అది ఆగితే మాత్రం కథ కుంటుతుంది. అందుకే దీన్ని తందాన కథ అని కూడా అన్నారు.

మరి అర్థం లేని పలుకు దేవుడి దగ్గర ఏ లెక్కలోకి వస్తుంది?

ప్రశ్న పాతదే. సామగానంలో ఋక్కులో లేని హావు, హాయి లాంటి పలుకులు వచ్చి చేరతాయి. వాటిని స్తోభాలంటారు. ఛాందోగ్యోపనిషత్తు మొదటి అధ్యాయం 13వ ఖండం అలాంటివి 13 లెక్కపెట్టి, హావుకారం ఈ లోకమనీ, హాయికారం వాయువనీ వరసగా చెప్పుకొస్తుంది. చివరిదైన హుంకారం దగ్గర మాత్రం ఇదీ అని చెప్పరానిదని ఊరుకుంటుంది. యాస్కుడి నిరుక్తంలో కౌత్సుడైతే అసలు మంత్రాలకే అర్థం లేదని వాదిస్తాడు, యాస్కుడు ఒప్పుకోడు. వాళ్ళ తగవు ఎటు తేలినా స్తోభాలు గానంలో నిలిచాయి.

ఇలాంటి పలుకులు వేదంలోనే కాదు. అమెరికా వీధి మూలల్లో నల్లజాతి కుర్రాళ్ళు వాద్యాల పని కూడా నోటితోనే చేశారు. వాళ్ళు పలికిన అర్థం లేని పలుకుల మీదే ఆ పాటలకు డూ-వాప్ అన్న పేరొచ్చింది. 1954లో న్యూయార్క్ బ్రాంక్స్‌కు చెందిన ‘ది కార్డ్స్’ బృందం ‘ష్-బూమ్’ పాడింది. అదే పాటను క్రూ-కట్స్ అనే తెల్లవాళ్ళ బృందం మళ్ళీ పాడి మొదటి స్థానం పట్టుకుపోయింది. కార్డ్స్ అన్న పేరుతో ఇంకో బృందం ముందే ఉందని తేలడంతో వీళ్ళు పేరు కూడా మార్చుకోవాల్సి వచ్చింది. ష్-బూమ్ జనం నోట మిగిలింది, మొదట పలికినవాళ్ళు వెనక్కి జారిపోయారు.

మన దగ్గర పాటను ఎవరూ ఎత్తుకుపోనక్కర్లేదు, మరుపే ఆ పని చేస్తుంది. ముస్లిం ఇంట పుట్టి పల్నాటి వీరుల కథను బుర్రకథగా ఊరూరా వినిపించిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చారు. తగిన గౌరవమే. ఆయన పేరు తెలిసినవారిలో ఆయనకు ఇరువైపులా నిలిచిన వంతల పేర్లు చెప్పగలిగేవారు ఎందరు?

వంతకు చెప్పే ఓదార్పు ఒకటుంది: ఫలం ఆశించకు, స్వామి విన్నాడు చాలు. గీతలో ఫలం ఆశించకన్న మాట యుద్ధం వదిలి కూలబడిన అర్జునుడి కోసం వచ్చింది. కూలి తగ్గించాలనుకునే నిర్వాహకుడి నోట అదే మాట బేరంగా మారుతుంది. పాడేవాడు తనంతట తాను ఫలం వదులుకుంటే అది వైరాగ్యం. విన్నవాళ్ళు ఎగ్గొడితే అది బాకీ.

రికార్డింగ్ డ్యాన్సులు, టీవీ వచ్చాక బుర్రకథ పందిరి చిన్నదైంది. అయినా ఎక్కడో ఒకచోట వేస్తారు. మైకులో కథకుడి పేరు బిరుదులతో సహా చదువుతారు. ‘మరియు వారి బృందం’ అన్న మాట దగ్గర, డక్కీ తాడు బిగించుకుంటున్న ఇద్దరు తలెత్తి చూస్తారు.