మార్కండేయుడి పిల్లలు, ఆగిన సాంచెలు

సిరిసిల్ల కార్ఖానాల్లో ఒక్కో కార్మికుడు ఏడెనిమిది సాంచెల (మరమగ్గాల) నడుమ తిరుగుతుంటాడు. ఎక్కడ పోగు తెగితే అక్కడ మరమగ్గం ఆపి, చిటికెలో ముడేసి, మళ్లీ నడుపుతాడు. కూలి నేసినంత గుడ్డకే. యజమాని నూలు ఇస్తేనే సాంచెలు నడిపించే ఆసామికి పని, ఆసామికి పనుంటేనే కార్మికుడికి కూలి. ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుడితే ఉప్పూ పప్పూ గడుస్తాయి.

ఇక్కడి నేతన్నల్లో ఎక్కువమంది పద్మశాలీలే. వాళ్లకు నేత బతుకుదెరువే కాదు, వంశగాథ కూడా. తాము మార్కండేయుడి సంతతి అని, ఆయన కొడుకు భావనారుషి తామరతూళ్ల దారంతో దేవతలకు వస్త్రం నేశాడని వాళ్ల నమ్మకం. ఎవరి పని వారు నిష్ఠగా చేస్తే అదే పూజ అని భగవద్గీత 18వ అధ్యాయం కూడా చెబుతుంది. మరి ఆ పనే లేకుండా పోతే? పూజ ఆగినట్టా? మనిషి విలువ తగ్గినట్టా?

సిరిసిల్లలో ఈ ప్రశ్న ప్రాణాల మీదికి వచ్చింది. గిరాకీ పడిపోయి, అప్పులు పెరిగి ఎందరో నేతన్నలు ఉరితాళ్లకు బలయ్యారు. ఇంకెందరో భీవండి, సూరత్ పోయారు. కోరుట్ల, జగిత్యాల ఊళ్ల నుంచి గల్ఫ్ బాట పట్టినవాళ్లకు లెక్కలేదు. 2017లో సర్కారు నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక ఊరికి ఊపిరి తిరిగింది. కానీ కొత్త ఆర్డర్లు రాక, పాత బకాయిలు అందక 2024 జనవరిలో సాంచెలు బందయ్యాయి. ఆ ఏడాది మళ్లీ చావుకబుర్లు వినిపించాయి.

మృత్యువును గెలిచిన బాలుణ్ని మూలపురుషుడిగా కొలిచే ఊళ్లో ఇన్ని బలవన్మరణాలా! 'ధైర్యం చాలలేదు' అని పోయినవాళ్లనే తప్పుపట్టేవాళ్లు ఆ కథను సగమే విన్నారు. పదహారేళ్ల మార్కండేయుడు యముణ్ని తన బలంతో గెలవలేదు. లింగాన్ని గట్టిగా వాటేసుకున్నాడు, అంతే. పాశం పడ్డాక శివుడే దిగివచ్చి యముణ్ని అడ్డుకున్నాడు. పట్టుకోవడం పిల్లవాడి వంతు, రావడం దేవుడి వంతు. సాంచె ఆగిన ఇంటికి వెళ్లాల్సిన వంతు ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

వేల్స్‌లో బొగ్గు గనులు వరసగా మూతపడుతున్న రోజుల్లో టవర్ గని కార్మికులు దీనికొక జవాబు చూపించారు. ఉద్యోగం పోయినందుకు పరిహారంగా వచ్చిన సొమ్ములోంచి తలా 8,000 పౌండ్లు వేసుకుని, 239 మంది కలిసి గనిని కొన్నారు. 1995 నుంచి 2008 దాకా దాన్ని తామే నడిపారు. ఏ ఒక్కరి వల్లా అయ్యే పని కాదది.

సిరిసిల్లకూ అలా కలిసి నిలబడడం కొత్త కాదు. ఇక్కడ సహకార సంఘాలున్నాయి, కులసంఘాలున్నాయి. మాఘంలో మార్కండేయ జయంతికి ఊరంతా కదులుతుంది. ఆ జయంతి నాడే పని లేని ఇళ్ల జాబితా రాయొచ్చు, అప్పులిచ్చినవాళ్లను పిలిచి గడువు అడగొచ్చు, పిల్లల ఫీజులకు నిధి కట్టొచ్చు. 2025లో మహిళా సంఘాల చీరలకు వచ్చినట్టు ఆర్డరు వచ్చినప్పుడల్లా, అది అయిపోయేలోగా తర్వాతి ఆర్డరు ఖాయం చేయడం, బిల్లులు వేళకు చెల్లించడం సర్కారు వంతు.