మనుష్య ఋణం, పరదేశంలో ధనవృత్తి

వినుకొండ ప్రాంతంలో పుట్టి పెరిగి, సింగపూరు, లండన్, న్యూయార్క్ వంటి నగరాల్లో బ్యాంకింగ్, పెట్టుబడుల నిర్వహణ వంటి వృత్తుల్లో స్థిరపడే పల్నాటి యువతరం ముందు ఒక పాత ధర్మప్రశ్న కొత్త రూపంలో నిలుస్తుంది. పుట్టిన గడ్డకు మనిషి పడిన బాకీ ఇంటికి పంపే డబ్బుతో తీరిపోతుందా? తల్లిదండ్రులకు ఇల్లు కట్టించి, చెల్లెలి పెళ్లి చేసి, చదువు కోసం తాకట్టు పెట్టిన పొలాన్ని విడిపించినవాడిని లోకం ఋణవిముక్తుడనే అంటుంది. భారతీయ చింతన మాత్రం ఆ మాటను అంత తేలికగా ఒప్పుకోదు.

శతపథ బ్రాహ్మణం ప్రకారం మనిషి పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితరులకు, తోటి మనుషులకు బాకీపడి ఉంటాడు. మొదటి ఋణం యజ్ఞంతోను, రెండోది అధ్యయనంతోను, మూడోది సంతానంతోను, నాలుగోది వచ్చినవారికి ఆశ్రయమిచ్చి అన్నం పెట్టడంతోను తీరుతాయి. ఈ నాలుగోదే మనుష్య ఋణం. ఇందులో ఇచ్చినవారు ఒకరైతే, తీర్చవలసింది మరొకరికి. నాగార్జునసాగర్ కుడి కాలువ తవ్విన కూలీలను, మిరప చేలల్లో ఎండకోర్చి కాయలు కోసిన స్త్రీలను, సర్కారు బడిలో అక్షరాలు దిద్దించిన ఉపాధ్యాయులను ఒక్కొక్కరిగా వెతికి బాకీ చెల్లించడం ఎవరికీ సాధ్యం కాదు. కాబట్టి ఇంటికి పంపే సొమ్ము కన్నవారి ఋణంలో కొంత తీర్చగలదేమో గాని, మనుష్య ఋణం తీరవలసింది ముక్కూమొహం తెలియని పరాయివారి దగ్గరే.

ధనవృత్తిలో ఆ పరాయివారు సొమ్ము దాచుకున్నవారు. న్యాయస్థానానికి వచ్చే వివాదాలను మనుస్మృతి పద్దెనిమిది రకాలుగా విభజించి, అప్పును మొదట, నిక్షేపాన్ని రెండోదిగా పేర్కొన్నది. నమ్మి మరొకరి చేతిలో దాచిన సొమ్ము నిక్షేపం. దాన్ని ఎలా పుచ్చుకున్నారో అలాగే అప్పగించాలన్నది నియమం. పరదేశంలో పింఛను నిధిని నిర్వహించే ఉద్యోగి చేతిలో ఉన్నదీ నిక్షేపమే. తెరమీద అంకెగా కనిపించే ఆ మొత్తం ఎవరో కార్మికుల జీవితకాలపు కష్టార్జితం. తీర్చే స్తోమత చూడకుండా ఇచ్చిన ఇంటి అప్పులను పత్రాలుగా మార్చి దేశదేశాలకు అమ్మిన పద్ధతి 2008లో ఎంతమందిని ముంచిందో లోకానికి తెలుసు. సొమ్ముగలవారు కంటికి కనబడనంత దూరంలో ఉన్నప్పుడు నిక్షేప ధర్మం సడలదు, మరింత బిగుస్తుంది.

అయితే శాస్త్రం చెప్పిందల్లా ధర్మమేనా అన్న ప్రశ్ననూ దాటవేయరాదు. మనుస్మృతి నెలసరి వడ్డీని అసలులో ఎనభయ్యో వంతుగా, అంటే నేటి లెక్కలో నూటికి రూపాయి పావలాగా చెప్పింది. ఒక్కసారిగా రాబట్టుకునే మొత్తం అసలుకు రెట్టింపును మించరాదనీ హద్దు పెట్టింది. అదే గ్రంథం వర్ణక్రమంలో నెలకు నూటికి రెండు, మూడు, నాలుగు, ఐదు చొప్పున వడ్డీ పుచ్చుకోవచ్చునని చెప్పి, అట్టడుగువారిపైనే అత్యధిక భారం మోపింది. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ తన ‘గబ్బిలం’ కావ్యంలో గుడి గడప తొక్కనివ్వని మనిషి చేత గబ్బిలంతో కాశీలోని శివుడికి మొర పంపించి, ఆ అసమానతను దేవుడి ముందే నిలదీశాడు. నిరుపేదకే అధిక వడ్డీ వేసే లెక్క నేడు ఏ దేశపు బ్యాంకులో కనిపించినా, జాషువ ఊరివారు దాన్ని గుర్తుపట్టి ప్రశ్నించవలసినవారే.

విదేశంలో గడించిన అనుభవం స్వదేశానికి ఎలా అక్కరకు వస్తుందో కడప జిల్లావాడైన యాగా వేణుగోపాల్ రెడ్డి ఉద్యోగ జీవితం చూపుతుంది. వాషింగ్టన్‌లో అంతర్జాతీయ ద్రవ్యనిధిలో పనిచేసి, 2003 నుండి 2008 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్న ఆయన, 2008 నాటి ఆర్థిక సంక్షోభానికి ముందే స్థిరాస్తి రుణాలపై కట్టుబాట్లు బిగించారు. అంతటి పదవి అందరికీ దక్కదు గాని, అంతటి జాగ్రత్త అందరికీ సాధ్యమే.

పల్లెల్లో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు; ఆ లెక్క తేలకుండానే ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసే కౌలురైతులు ఉన్నారు. పరదేశంలో ధనవ్యవహారం నేర్చినవారు అక్కడి నిక్షేపాన్ని నిజాయితీగా కాపాడాలి. సెలవులకు ఊరు వచ్చినప్పుడు ఆ నోటులోని లెక్కను రైతుకు విప్పి చెప్పాలి. మనుష్య ఋణం తీర్చుకునే మార్గం అది.