కన్నవారి ఋణం ఎక్కడ తీరుతుంది?

కన్నవారి ఋణం తీర్చుకోవడం అనే మాటను మనం తరచుగా వాడుతూ ఉంటాం. ఆ ఋణం ఎక్కడ తీరుతుందన్న ప్రశ్నను మాత్రం అరుదుగా వేసుకుంటాం. మా అమ్మాయి 30వ పుట్టినరోజుకు నేనూ నా భార్యా రాజమహేంద్రవరం నుండి అల్మోరా వెళ్లినప్పుడు ఆ ప్రశ్న నాకు ఎదురైంది.

కాఠ్‌గోదాంతో రైలుమార్గం ముగుస్తుంది. అక్కడినుండి కుమావూఁ కొండల మలుపుల దారి. సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పట్టణంలో మా అమ్మాయి ఆరేళ్లుగా ఉంటున్నది. కొండ ఊటలు ఎందుకు ఎండిపోతున్నాయో పరిశీలించి, వాటిని తిరిగి నిలబెట్టే ప్రయత్నం చేయడం ఆమె ఉద్యోగం. మా సంచిలో పూతరేకులు, ఉప్పాడ చీర ఉన్నాయి. నా జేబులో మరొకటి ఉంది. అది మా ఊరి కళాశాల ఒకదానిలో అధ్యాపక పదవికి దరఖాస్తు పత్రం. కానుకలు ఆమెకోసం, ఆ పత్రం మాత్రం, నిజం చెప్పాలంటే, మాకోసం.

అది చైత్రమాసం. మమ్మల్ని చూసి పొరుగింటి పెద్దావిడ "భిటౌలీ తెచ్చారా?" అని నవ్వుతూ అడిగింది. చైత్రంలో పుట్టింటివారు, ముఖ్యంగా సోదరులు, పెళ్లయిన ఆడపడుచు ఇంటికి పిండివంటలు, బట్టలు తీసుకువెళ్లి ఆమెను చూసి రావడం కుమావూఁ ఆచారం. దాని పేరే భిటౌలీ. మన సారెకు అది దగ్గరి చుట్టం. పుట్టింటివారు అలా వెళ్లేది ఇచ్చి రావడానికే గాని, పిల్లను వెంట తెచ్చుకోవడానికి కాదు. మా అమ్మాయి అవివాహితే అయినా, ఆవిడ పరిహాసం నా జేబులోని కాగితాన్ని తాకింది.

మనిషి మూడు ఋణాలతో పుడతాడని మన సంప్రదాయం చెప్పింది. తైత్తిరీయ సంహిత ప్రకారం ఋషుల ఋణం బ్రహ్మచర్యంతో, దేవతల ఋణం యజ్ఞంతో, పితరుల ఋణం సంతానంతో తీరుతాయి. మూడవదాని తీరు ఆలోచింపదగినది. వెనుకటివారికి పడిన బాకీని ముందుతరానికి చెల్లించమంటున్నది శాస్త్రం. బౌద్ధ వాఙ్మయంలోని అంగుత్తర నికాయం ఇంకొక మెట్టు పైకి వెళ్తుంది. తల్లిని ఒక భుజంమీద, తండ్రిని ఇంకొక భుజంమీద నూరేళ్లు మోసినా ఆ ఋణం తీరదట. శ్రద్ధ, శీలం, త్యాగం, ప్రజ్ఞ లేని కన్నవారిని వాటిలో నిలిపిన బిడ్డ మాత్రమే తీర్చుకోగలదట. లోభులను త్యాగంలో నిలపడమన్నది చదివినప్పుడు, అక్కడ చెప్పినది ధనలోభాన్ని గురించే అనుకున్నాను. బిడ్డ విషయంలోనూ లోభం ఉంటుందని అప్పటికి నాకు తెలియదు.

పుట్టినరోజున అమ్మాయి సెలవు పెట్టలేదు. మమ్మల్ని తనతోపాటు ఒక పల్లెకు తీసుకువెళ్లింది. అక్కడ ఊటనీటిని పట్టి నిలిపే చిన్న రాతిబావి ఉంది. దానిని నౌలా అంటారు. కొన్నేళ్లుగా అది వేసవి ముదరకముందే అడుగంటేదట. అమ్మాయి మమ్మల్ని అక్కడ ఆపకుండా మిట్ట దాటించి అవతలి వాలుకు నడిపించింది. ఎర్రగా పూసిన బురాంశ్ చెట్ల నడుమ, వాలుకు అడ్డంగా తవ్విన కందకాలు కనిపించాయి.

"ఊట ఎండితే అందరూ ఊట దగ్గరే తవ్వుతారు నాన్నగారూ. లోపలి రాతిపొరలు ఎటు వాలి ఉంటే నీరు అటు నడుస్తుంది. ఆ నౌలాకు నీరిచ్చే వాన ఇక్కడ కురుస్తుంది" అన్నది.

దిగి వచ్చేసరికి నౌలా దగ్గర ఆడవాళ్లు బిందెలతో ఉన్నారు. ఒక వృద్ధురాలు చెంబుతో నీళ్లు ముంచి ముందు నా భార్యకు, తరువాత నాకు ఇచ్చింది. పుట్టినరోజని తెలిసి అమ్మాయి నుదుట కుంకుమ దిద్ది దీవించింది. మేము చేయవలసిన పని ఆమె చేసిందని ఒక్క క్షణం నొచ్చుకున్నాను. చేతిలోని నీళ్లు తాగిన తరువాత ఆ నొప్పి సిగ్గుగా మారింది. ఇరవై నాలుగేళ్లు మేము పోసిన నీరు ఇంకిపోలేదు. మేము చూస్తూ కూర్చున్న వైపున గాక మరొక వైపున పైకి వచ్చింది.

ఈ మాట కన్నవారిని విస్మరించే పిల్లలకు సాకు కారాదు. తల్లిదండ్రుల పోషణను సంతానం బాధ్యతగా 2007 నాటి చట్టం నిర్దేశించింది. ముదిమిలో అన్నం, మందు, ఆసరా అందించే విధిని మరొకరికి బదలాయించడానికి వీలులేదు. అవసరమైన వేళ మా అమ్మాయి రావలసిందే, వస్తుంది కూడా. అయితే ఆ విధికి ఆవల మిగిలేది, బిడ్డ ఎల్లప్పుడూ మన కళ్లముందే ఉండాలన్న కోరిక. ఆ కోరికలో తప్పు లేదు. మా ఇంట సాయంత్రాలు ఎంత ఖాళీగా ఉంటాయో నేను దాచను. కాని ఆ కోరికకు ఋణమని పేరు పెట్టి బిడ్డను బాకీదారుగా నిలబెట్టడం మాత్రం పెద్దలమైన మనం చేసే అన్యాయం.

నా భార్య ఈ సంగతి నాకంటె ముందే గ్రహించింది. ఆ రాత్రి పూతరేకులు విప్పుతూ, "ఆ కాగితం తీయకండి" అని మెల్లగా అన్నది. నేను తీయలేదు. తిరుగు ప్రయాణంలో రైలు గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి దరఖాస్తు గడువు దాటిపోయింది.

వచ్చే చైత్రానికి మళ్లీ వెళ్తాం, ఇచ్చి రావడానికి.