నోటు మీది మరక



మిరపకాయల కోతకు వచ్చిన కూలినోటు మీద వింత అచ్చు కనబడినచో పొదిలి బజారులో ఒకడు “చెల్లదు” అని త్రోసివేయును. మరియొకడు “తప్పుగా అచ్చయిన నోటు, వేలు పలుకును” అని ఆశపెట్టును. ఇద్దరును తొందరపడుచున్నారు.

మన నోట్లు 1928 నుండి నాసిక్‌లో అచ్చగుచున్నవి. సిరా ఆరకముందే ఒక కాగితము మీద మరియొకటి పడినచో క్రింది బొమ్మ పైదాని వెనుకకు అంటును. అద్దములోవలె తిరుగబడి, పలుచగా నున్నది తరచుగా ఇట్టి మరకయే. దానివలన నోటు విలువ తగ్గదు. అక్షరములు తిన్నగా నుండియు చోటు తప్పినను, కొంత అచ్చు పడకయే పోయినను, అది అచ్చులోని తప్పు.

పొరుగువానియందు మరక చూచినప్పుడు అది సహవాసమువలన అంటినదో, లోపలి తప్పో విచారింపక వానిని చెల్లనివాడని త్రోసివేయుదుము. మన తప్పునైతే ఆదామువలె (ఆది. 3:12) ఇతరులవలన అంటినదని చెప్పుకొందుము. ఒకే కొలత రెండు విధములుగా వాడవచ్చునా?

దేవుడు పైరూపమును గాక హృదయమును చూచునని సమూయేలు నేర్చుకొనెను (1 సమూ. 16:7). సహోదరుని వెలుగులో నిదానించి చూతము. మనలను అంతకంటె కఠినముగా చూచుకొందము. అంటిన మరకను ఓర్చుకొందము. లోపలి తప్పును ప్రభువునొద్ద ఒప్పుకొందము.