వినిపించని గొంతుకు బాధ్యులెవరు? – దక్కన్ రేడియో నేపథ్యంలో ఒక నైతిక విచారణ

ప్రసారం స్వభావరీత్యా ఏకముఖమైన మాట. మాట్లాడేవారు ఒకరు, వినేవారు వేలమంది. విన్నవారు అదే మార్గంలో బదులు చెప్పే వీలు లేదు. ఈ అసమానత ప్రసారకర్తపై ఎటువంటి బాధ్యతను మోపుతుంది? చెప్పినది సత్యమైతే ఆ బాధ్యత తీరినట్లేనా? హైదరాబాదు తొలి రేడియో కేంద్రాన్ని బ్రిటిష్ ప్రసార చరిత్రతో పోల్చి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

హైదరాబాదులో రేడియో ఆబిడ్స్‌లోని చిరాగ్ అలీ లేన్‌లో పుట్టింది. నాంపల్లికి సమీపంలోని ఆ వీధి నుంచి 1933లో మహబూబ్ అలీ 200 వాట్ల ట్రాన్స్‌మీటరుతో సొంతంగా ప్రసారాలు ఆరంభించారు. 1935 ఫిబ్రవరిలో నిజాం ప్రభుత్వం ఆ కేంద్రాన్ని స్వాధీనం చేసుకున్నది. అదే దక్కన్ రేడియోగా ప్రసిద్ధికెక్కింది. బ్రిటన్‌లో 1922లో రేడియో పరికరాల తయారీదారులు కంపెనీగా నెలకొల్పిన బి.బి.సి. 1927 జనవరి 1న రాయల్ చార్టర్‌తో కార్పొరేషన్ అయింది. రెండు చోట్లా రేడియో ప్రైవేటు చేతుల నుంచే బయటపడింది. అయితే అక్కడ ప్రసార సంస్థ ప్రభుత్వానికీ శ్రోతకూ నడుమ ధర్మకర్తగా నిలవాలన్నది ఆదర్శం. ఇక్కడ అది నేరుగా ప్రభుత్వ వాణి.

ఆదర్శం ఉన్నంత మాత్రాన ఆచరణ నిర్దుష్టం కాదు. 1926 మే నెల సార్వత్రిక సమ్మెలో బి.బి.సి.ని ప్రభుత్వం స్వాధీనం చేసుకోకుండా జాన్ రీత్ కాపాడగలిగారు. కాని ప్రతిపక్ష నాయకుడు రామ్సే మెక్‌డొనాల్డ్‌కు అప్పుడు మైకు దక్కలేదు. రాజీ కోరిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ విజ్ఞప్తి సకాలంలో ప్రసారం కాలేదు. ఇక్కడి దోషం అసత్యం చెప్పడం కాదు, ఒక పక్షాన్ని వినిపించకపోవడం.

దక్కన్ రేడియో విషయంలో ఈ మౌనం భాషకు సంబంధించినది. సంస్థాన ప్రజలలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. తెలుగు, మరాఠీ, కన్నడ కార్యక్రమాలు ఉన్నప్పటికీ ప్రధాన స్థానం పాలకభాష అయిన ఉర్దూదే. వినపడనిదాన్ని లేనిదిగా భావించడం ఎంత సులభమో ఆనాటి సాహిత్య చరిత్రే చెబుతుంది. తెలంగాణలో కవులే లేరన్న ఆక్షేపణకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. మూడు వందల యాభైకి పైగా కవులు అందులో కనిపించారు. లోపించింది కవులు కారు, వారిని వినిపించే వేదిక.

ఇక్కడొక ఆక్షేపణకు అవకాశం ఉంది. ప్రసార సమయం పరిమితం, ఎంపిక అనివార్యం, ప్రతి మౌనమూ అన్యాయం కాదు. ఈ వాదన అంగీకార్యమే. అచ్చులో ఒక పత్రిక కాదన్నదానికి మరొక పత్రిక చోటిస్తుంది. కేంద్రం ఒక్కటే అయినప్పుడు మాత్రం దాని ఎంపిక శ్రోత ప్రపంచానికి ఎల్లగా మారుతుంది. అందువల్ల ఏకైక వేదిక గలవారు తాము పలికినదానికే కాక, పలకనీయనిదానికి కూడా జవాబుదారులు.

1948 సెప్టెంబరు ఈ సూత్రానికి నిదర్శనం. అప్పటివరకు ప్రభుత్వ పక్షాన్నే వినిపించిన రేడియోలో, 17వ తేదీన కాల్పుల విరమణ ప్రకటన వెలువడింది. ఇతర వాదాలకు చోటివ్వని మాధ్యమం శ్రోతను ఆ మలుపుకు సిద్ధం చేయలేకపోయింది. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం ఆకాశవాణిలో విలీనమైంది. యజమాని మారాడు; ప్రశ్న మారలేదు.

కాబట్టి ప్రసార చరిత్రను పరిశోధించేవారు లభ్యమైన ప్రసంగాల వద్దనే ఆగిపోరాదు. ఏ భాష, ఏ వర్గం, ఏ యాస మైకు ముందుకు రాలేదో కూడా లెక్కించాలి. సత్యం పలకడం ప్రసారకర్త ప్రథమ ధర్మం. తాను మూసిన తలుపులను గుర్తుంచుకోవడం అంతకన్న కఠినమైన ధర్మం.