కనికట్టుకు సాక్షి

క్లోజప్ మ్యాజిక్ పోటీలో స్టేజీ ఉండదు, రంగుల లైట్లుండవు, మనిషిని రెండుగా కోసే పెట్టె ఉండదు. ఒక బల్ల, దాని మీద మెత్తటి గుడ్డ, ఒక పేక కట్టో మూడు గ్లాసులో, రెండు మూరల దూరంలో కూర్చుని చూసే నలుగురు మనుషులు. అంతే. జడ్జీలుగా కూర్చునేది కూడా చాలావరకు మెజీషియన్లే. ముక్క అరచేతిలో ఎలా దాక్కుంటుందో, ఖాళీగా ఉన్నట్టు కనిపించే చెయ్యి ఎప్పుడు ఖాళీగా ఉండదో వాళ్ళకి కొట్టినపిండి. తెలియనివాణ్ణి ఆశ్చర్యపరచడమే గారడీ అయితే, అన్నీ తెలిసినవాడి ముందు గారడీ చేసి మెప్పు పొందడం అంటే అసలు ఏమిటి?

రోమన్ తత్త్వవేత్త సెనెకా తన స్నేహితుడు లూసిలియస్‌కి రాసిన నలభై అయిదో ఉత్తరంలో గారడీవాళ్ళ గిన్నెలూ గులకరాళ్ళ ప్రస్తావన ఉంది. వాళ్ళు చేసే మోసం వల్ల ఎవరికీ నష్టం లేదు, ఆ మోసమే తనకు సరదా, అది ఎలా చేశారో తెలిసిపోయిందా ఇక ఆట పోయినట్టే అంటాడు. ఇది దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటి మాట. మనవాళ్ళు రోడ్డు పక్క గొంతుక్కూర్చుని చెక్క గిన్నెల కింద గుడ్డ ఉండల్ని మాయం చేసే ఆట కూడా ఆ కుటుంబానిదే. సెనెకా చెప్పింది నిజమైతే మాత్రం, జడ్జీల దగ్గర ఆట మొదలుకాక ముందే పోయిందన్నమాట. ఇక వాళ్ళని మెప్పించే దారి ఒక్కటే: వాళ్ళకి కూడా తెలియని కిటుకు ఒకటి కనిపెట్టి బోల్తా కొట్టించడం.

చాలాకాలం నేనూ ఇదే నమ్మాను. ఆ నమ్మకం బేగంబజార్‌లో కొంచెం కదిలింది.

గ్లాసులాట నేర్చుకుందామని మూడు ఇత్తడి గ్లాసులకోసం వెళ్ళాను. ఒకదాంట్లో ఒకటి సులువుగా దిగాలి, అలాగని వదులుగా ఊగకూడదు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, ఆ సందుల్లో తోపుడుబళ్ళనీ మూటలు మోసే హమాలీలనీ తప్పించుకుంటూ వెళితే, స్టీలూ ఇత్తడీ తూకానికి అమ్మే దుకాణాలు వరసగా ఉంటాయి. నేను ఆగిన చోట ఒక పెద్దాయన గల్లాపెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. ఏ గిన్నె చేతికొచ్చినా దాన్ని గోటితో ఒకసారి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. అతుకు ఎక్కడుందో, రేకు ఎక్కడ పలచబడిందో ఆ మోతలో ఆయనకి తెలుస్తుందట. నేను గ్లాసుల్ని అన్నిసార్లు దించి, ఎత్తి, బోర్లించి చూస్తుంటే ఆయనకి అనుమానం వచ్చింది. ఎందుకని అడిగాడు. చెప్పాను. "అయితే చేసి చూపియ్యి బేటా" అన్నాడు.

జేబులో రుమాలు చింపి చుట్టిన ఉండలున్నాయి. సంచిలో నిమ్మకాయలు కూడా ఉన్నాయి, ఆట చివర్లో గ్లాసుల కింద ప్రత్యక్షం కావలసినవి. ఆ గల్లా పక్కన చెక్క మీదే మొదలుపెట్టాను. ఉండలు మాయమయ్యాయి, వచ్చాయి, కుర్రాళ్ళిద్దరు పని ఆపి చూశారు. ఆఖరి గ్లాసు బోర్లించాను. ఇంకా ఎత్తలేదు. పెద్దాయన "అండ్ల ఏదో ఉంది. ఖాలీ గ్లాసు ఇట్ల పల్కదు" అన్నాడు.

కనికట్టు అంటే కన్నును కట్టేయడం. నేను ఆయన కన్ను కట్టగలిగానేమో కానీ చెవి కట్టలేకపోయాను. సిగ్గుపడుతూ గ్లాసెత్తి నిమ్మకాయ చూపించాను. సెనెకా లెక్కన అక్కడితో ఆయనకి ఆట ముగిసిపోవాలి. కానీ ఆయన గోచీ సర్దుకుని కొంచెం ముందుకు జరిగి, "ఇంకోసారి చెయ్యి. నిమ్మకాయ ఎప్పుడు పెట్టినవో చూస్త" అన్నాడు. రహస్యం తెలిశాక ఆయనకి ఆసక్తి తగ్గలేదు, పెరిగింది.

అమెరికన్ మెజీషియన్లు పెన్, టెల్లర్ ఇదే గ్లాసులాటని అద్దంలాంటి ప్లాస్టిక్ గ్లాసులతో చేసి చూపించారు. ఏ ఉండ ఎప్పుడు ఏ చేతిలోంచి ఎక్కడికి పోతోందో అంతా బయటికి కనిపిస్తూనే ఉంటుంది. అయినా చూస్తున్న మన కళ్ళు వెనకబడతాయి. దాచడమే ఆపేశాక కూడా ఆ చేతుల్లో చూడదగ్గది ఇంకా ఎంతో మిగిలి ఉందని అప్పుడు తెలుస్తుంది. అంతర్జాతీయ మెజీషియన్ సంఘాల సమాఖ్య మూడేళ్ళకోసారి జరిపే ప్రపంచ పోటీల్లో కూడా జడ్జీలు చూసేవి చేతి నైపుణ్యం, ప్రదర్శన తీరు, వినోదం, కొత్తదనం లాంటివి. "నన్ను మోసం చేయగలిగాడా లేదా" అన్నది వాటిలో ఒక భాగం అవుతుందేమో గానీ మొత్తం కాదు.

ఈ ఆలోచన నాకు ఇబ్బందిగా మారింది ఇక్కడే. ఎందుకంటే అంతకు రెండేళ్ళ ముందు ఒక చిన్న పోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది. పేక ముట్టుకోకుండానే ప్రేక్షకుల్లో ఒకరు మనసులో అనుకున్న ముక్కని చెప్పాను. జడ్జీల్లో ఒక పెద్దాయన బల్ల కింద చూశారు, కట్టంతా పరచి చూశారు, చివరికి నా చెయ్యి పట్టుకుని "ఎలా చేశావయ్యా!" అన్నారు. చేసిందేమీ లేదు. ఆ ప్రేక్షకుడు మా ఆఫీసువాడు. ఏ ముక్క చెప్పాలో లిఫ్టులో వస్తూ మాట్లాడుకున్నాం.

దీన్ని సమర్థించుకోడానికి నా దగ్గర మంచి వాదనే ఉండేది. గారడీ అంతా మోసమే కదా, అందులో ఈ మోసం ఒప్పు, ఆ మోసం తప్పు అని గీత ఎక్కడ గీస్తాం? సన్నటి దారం, ఇంత మైనం, రెండు వైపులా వీపే ఉన్న పేక ముక్క: గొప్ప గారడీల వెనక ఉండేవి చాలాసార్లు ఇలాంటి అల్పమైన వస్తువులే. చెబితే "ఓస్, ఇంతేనా" అంటారు. నా స్నేహితుడు కూడా ఒక దారంలాంటివాడే అనుకున్నాను.

కాదు. దారం ఎవరికీ మాటివ్వలేదు. క్లోజప్ మ్యాజిక్‌లో బల్లకి అవతల కూర్చున్న మనిషి మాత్రం మాటివ్వకుండానే ఒక మాటిచ్చినట్టు. అందరూ అంత దగ్గరికి రాలేరు కాబట్టి అందరి తరపునా అతను చూస్తున్నాడు. అతని కళ్ళు పెద్దవవడమే మిగిలినవాళ్ళకి రుజువు. అతను సాక్షి. మెజీషియన్ "మిమ్మల్ని మోసం చేస్తాను" అని ముందే చెప్పి మోసం చేస్తాడు, అందులో ఒక నిజాయితీ ఉంది. దొంగ సాక్షిని పెట్టుకుంటే ఆ ఒప్పందమే రద్దు. మా వృత్తిలో కూడా ఇలాంటిది ఒకటుంది. క్లయింటుకి డెమో ఇస్తూ, ప్రోగ్రామ్ లెక్కగట్టి ఇవ్వాల్సిన జవాబుని ముందే లోపల రాసి పెట్టేయడం. తెర మీద అంతా సరిగ్గానే కనిపిస్తుంది. వెనక ప్రోగ్రామే ఉండదు.

1922లో చికాగోలో డై వెర్నన్ హుడీనీని బోల్తా కొట్టించిన కథ మెజీషియన్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ పేక గారడీ అయినా మూడుసార్లు చూస్తే పట్టేస్తానని హుడీనీ గొప్ప చెప్పుకునేవాడు. వెర్నన్ ఆయన పొడి అక్షరాలు రాయించిన ముక్కని కట్టు పైనుంచి రెండోదిగా పెట్టడం, అది మళ్ళీ పైకి రావడం. మళ్ళీ మళ్ళీ చూపించినా, ఏడోసారికి కూడా హుడీనీ పట్టలేకపోయాడంటారు. ఒకప్పుడు ఈ కథ నాకు నా పక్షాన సాక్ష్యంలా అనిపించేది: తెలిసినవాణ్ణి ఓడించడమే విజయం అని. ఇప్పుడు ఇంకోటి కనిపిస్తోంది. హుడీనీ వెతికిన చోట వెతకదగ్గది ఒకటి ఉంది. ఆయన కళ్ళ ముందే, ఆ చేతుల్లోనే జరిగింది. పట్టుకోలేకపోవడం ఆయన ఓటమి, కానీ ఆయనకి అవమానం కాదు. నా జడ్జి తన నలభై ఏళ్ళ విద్యంతా వాడి బల్ల కిందా కట్టులోనూ వెతికింది అక్కడ లేనే లేనిదాన్ని. నేను ఆయన్ని ఓడించలేదు. ఆయన తెలివిని అక్కర్లేని పనికి తిప్పాను.

ఈ వ్యాసం మొదలుపెట్టాక ఆయనకి ఫోన్ చేసి చెప్పేశాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఓస్, అంతేనా" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. ఎంతో కాలంగా దాచుకున్న వస్తువు గిల్టుదని తెలిసిన మనిషిలా అన్నారు. నాకు ఇంకేం చెప్పాలో తోచక బేగంబజార్ సంగతి చెప్పాను: ఇత్తడి గ్లాసులు, చెక్క బల్ల, చప్పుడు విని పట్టేసిన పెద్దాయన. ఆయన మధ్యలో ఆపి, "నిమ్మకాయ ఏ చేత్తో పెడుతున్నావు?" అని అడిగారు. చెప్పాను.

"ఆ చెయ్యి కాదు, రెండోది అలవాటు చేసుకో. కాయ చిన్నది చూసుకో. కింద గుడ్డ మందంగా వెయ్యి" అన్నారు.