జున్ను కోసం అరకు

డిసెంబర్‌లో జున్నుని అరకు తీసుకెళ్ళాలని ప్లాన్ వేశా. జున్ను మా కుక్క. దేశవాళీ, ఆడది, 11 ఏళ్ళు. వెనక కాళ్ళ కీళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కడం మానేసింది. పోయిన వానాకాలంలో గుండెలో ఏదో చప్పుడు వినిపిస్తోందన్నారు డాక్టరుగారు. ఆ రాత్రే ఫోన్‌లో కొత్త నోట్ ఓపెన్ చేసి ‘జున్ను ట్రిప్’ అని పేరు పెట్టా. ‘చివరి’ అన్న మాట రాయలేదు గానీ, రాసినట్టే.

నాలుగు రోజుల్లో ఆ నోట్ బారెడైంది. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మన పేరు మీద దొరకాలి, లేదంటే కుక్కని గార్డు పెట్టెలో ఉన్న బోనులో పెట్టాలి. మొదటిది దొరకలేదు, రెండోది నా వల్ల కాదు. ఇక కారే. విశాఖ దాకా 600 కిలోమీటర్ల పైన, అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు మీద ఇంకో 115. రేబిస్ టీకా కాగితం, పిడుదుల మందు, కారులో వాంతులు కాకుండా మాత్ర, నీళ్ళ గిన్నె, పాత దుప్పటి. దిగడానికి చోటు కోసం ఫోన్లు. కుక్కల్ని రానిస్తామన్న చోట కూడా “ఏ బ్రీడండీ?” అని అడిగేవారు. “దేశవాళీ అండీ” అంటే అవతల కాసేపు ఏమీ వినిపించేది కాదు.

కవ్వాల్, అమ్రాబాద్ ముందే కొట్టేశా. పులులుండే అడవిలోకి పెంపుడు కుక్కతో వెళ్ళడం నాకు నచ్చని పని. కుక్కల జబ్బులు అడవి జంతువులకి అంటుకుంటాయి. 2018లో గిర్‌లో కొద్దివారాల్లోనే 20కి పైగా సింహాలు చచ్చిపోయాయి, వాటిలో కొన్నిటిలో డిస్టెంపర్ వైరస్ దొరికింది. నా కుక్క నాకు ముద్దు. అడవికి అది వచ్చిపడిన ఇంకో జంతువు, అంతే.

ఇదంతా చూసి అమ్మ ఒక్కటే అంది. “దానికేం తెలుసే అరకు? దాని అరకు మన సెల్లారు.”

నవ్వేశా గానీ ఆ మాట వదల్లేదు నన్ను.

అరకు దేనికి పేరుపడిందో అదంతా కంటికి సంబంధించిన వ్యవహారం. లోయ, మంచు, మలుపు తిరగ్గానే కనబడే ఇంకో లోయ. కుక్క కన్ను దూరానికి మన కన్నంత బాగా పనిచేయదు. ఎరుపూ ఆకుపచ్చా దానికి విడివిడిగా తెలియవు, నీలం, పసుపు తెలుస్తాయి. ఇది చదివి, చలికాలం మొదట్లో అరకులో పూసే వలిసె పూల పసుపు జున్ను చూస్తుందన్నమాట అని సంబరపడ్డా. ఆకుపచ్చ కూడా దానికి ఇంచుమించు పసుపులాగే ఉంటుందని తర్వాతి పేరాలో ఉంది.

దాని లోకమంతా ముక్కులో ఉంది. వాసన పట్టే కణాలు మనకి 50, 60 లక్షలైతే కుక్కకి 20 కోట్లకి పైనే అని అంచనా. మా సెల్లార్‌లో మూడో స్తంభం దగ్గర జున్ను రోజూ ఐదు నిమిషాలు ఆగుతుంది. రాత్రి ఎవరొచ్చారు, ఎటు పోయారు, బహుశా ఏం తిన్నారు, అన్నీ అక్కడుంటాయి. నేను “పద పద” అని బెల్టు లాగుతుంటా. ఎవరైనా నేను పుస్తకం చదువుతుంటే పేజీ మధ్యలో లాక్కుంటే ఎలా ఉంటుందో, అలా.

థామస్ నేగెల్ 1974లో, గబ్బిలంగా ఉండటం ఎలా ఉంటుంది అని ఒక వ్యాసం రాశాడు. గబ్బిలం శరీరం గురించి ఎంత తెలుసుకున్నా, గబ్బిలానికి లోపల్నుంచి ఎలా ఉంటుందో మనకి తెలియదన్నది అందులో వాదన. కాలేజీలో చదివినప్పుడు తెలివైన చిక్కుముడిలా అనిపించింది. ఇప్పుడది నా ముందు తోకాడిస్తూ నిలబడి ఉంది. జున్నుకి ఏది ఆనందమో నేను దాని తోకని బట్టీ చెవుల్ని బట్టీ ఊహించాల్సిందే. ఊహించేటప్పుడు, నాకు ఏది ఇష్టమో అదే దానికీ ఇష్టమని తేలుతుండటం కొంచెం అనుమానంగా లేదూ?

అసలు ‘చివరి ట్రిప్’ అనేది ఎవరికి? తను పోతానన్న సంగతి జున్నుకి తెలియదు. ఈ డిసెంబర్ తర్వాత ఇంకో డిసెంబర్ ఉండకపోవచ్చని దానికి లెక్క లేదు. చివరిది అన్న మాట తెలియని ప్రాణికి చివరి ట్రిప్ ఎలా ఇస్తాం? అది నాకు నేను ఇచ్చుకునేది. అది లేని రోజుల్లో తీసి చూసుకోడానికి, వెనకాల మంచు, ముందు జున్ను ఉన్న ఒక ఫోటో కావాలి నాకు. దానికోసం కీళ్ళరిగిన కుక్కని 700 కిలోమీటర్లు కారు వెనక సీట్లో కూర్చోబెట్టాలి. ఇలా రాస్తే ఇంత దారుణంగా కనబడుతోంది. నోట్‌లో మాత్రం చాలా ప్రేమగా ఉండేది.

మా అమ్మమ్మని 84 ఏళ్ళప్పుడు తిరుపతి తీసుకెళ్ళాం. వీల్‌చెయిర్, క్యూలో తోపులాట, దారంతా మూలుగు. డాక్టర్లు వద్దన్నారు. కానీ అది అమ్మమ్మ కోరిక. “పోతే కొండ మీదే పోతానే, నీకెందుకు” అని నోరారా అంది. ఆవిడ పడ్డ కష్టానికి ఆవిడ సంతకం ఉంది. జున్ను కష్టానికి ఎవరి సంతకం?

ఇక్కడ కుక్కల్ని ప్రేమించేవాళ్ళందరూ ధర్మరాజుని తెస్తారు. మహాప్రస్థానంలో తమ్ముళ్ళూ ద్రౌపదీ ఒక్కొక్కరే పడిపోయాక, వెంట వచ్చిన కుక్కని వదిలి రథం ఎక్కనన్నాడు. గొప్ప ఘట్టమే. కానీ ఆ కుక్కని ధర్మరాజు తీసుకెళ్ళలేదు. హస్తినాపురం నుంచి అది తనంతట తనే వెంటపడింది. మెడకి బెల్టు లేదు. ఎక్కడైనా ఆగిపోవాలనుకుంటే ఆగిపోయేది. ఇంకో గుణుపు కూడా ఉంది నాకు. ఇంతా చేసి చివరికి అది కుక్క కాదు, ధర్మదేవత. ఒట్టి కుక్కే అయ్యుంటే ఎంత బావుండేదో.

మరీ నన్ను నేను ముద్దాయిని చేసుకోవడమూ ఎక్కువేనేమో. జున్ను విషయంలో దాన్ని అడిగి చేసింది ఏముంది గనక? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించింది నేను. ఏం తినాలో, ఎప్పుడు ఒంటికి వెళ్ళాలో, ఎవరిని మొరగకూడదో నిర్ణయించేది నేను. మూడో అంతస్తులో బతకమన్నదీ నేనే. పెంచడమంటేనే అడక్కుండా నిర్ణయించడం. అరకు కొత్త నేరమేమీ కాదు, రోజూ జరిగేది కొంచెం పెద్దక్షరాల్లో కనబడిందంతే. అలాగని ఊరుకోలేం. అన్నీ మనమే నిర్ణయిస్తున్నప్పుడు, దాని ఇష్టం మనకి తెలిసే అవకాశం ఉన్న ఆ కొద్దిచోట్లయినా దాని మాట వినకపోతే ఇంకెక్కడ వింటాం?

డాక్టరుగారిని అడిగా. “తీసుకెళ్ళొచ్చమ్మా, నొప్పికి మాత్రలిస్తా” అన్నారు. తర్వాత పెన్ను కిందపెట్టి, “నీకు దగ్గర్లో చెట్లూ అవీ లేవా?” అన్నారు.

అరకు కాస్తా అనంతగిరి అయింది. అరకు దారిలో ఉండే అనంతగిరి కాదు, వికారాబాద్ పక్కది. మూసీ పుట్టే కొండలు. పొద్దున్నే బయల్దేరితే రెండు గంటలు. అమ్మ కూడా వస్తానంది. పులిహోర చేసింది, జున్నుకి పెరుగన్నం వేరే డబ్బాలో కట్టింది.

చేవెళ్ళ దాటాక జున్ను వగర్చడం మొదలెట్టింది. ఆ రోడ్డు మీద పాత మర్రిచెట్లున్నాయి, దాదాపు 900 అంటారు. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టొద్దని ఏళ్ళ తరబడి కొట్లాడారు జనం. నాలాంటివాళ్ళు కొండల్ని త్వరగా చేరుకోవాలనే కదా ఆ వెడల్పంతా. ఒక చెట్టు కింద కారు ఆపి దాన్ని మెల్లగా దింపా. నీళ్ళు తాగింది. వాంతి చేసుకుంది. మళ్ళీ తాగింది. తర్వాత మర్రి వేళ్ళ మధ్య ముక్కు పెట్టింది.

పది నిమిషాలాగి “పదవే తల్లీ” అన్నా. రాలేదు. డోరు తెరిచి చూపించా. ఒకసారి కారు వంక చూసి, ఆ వేళ్ళ పక్కనే కూర్చుంది. 18 కిలోలు. ఎత్తి సీట్లో పెట్టడం నాకు కష్టమేం కాదు, రోజూ మెట్ల మీద ఎత్తుకునేదాన్నే. ఇంకో 40 నిమిషాల్లో వ్యూపాయింట్. ఎండ ముదరకముందే వెళ్తే లైటు బావుంటుంది.

“దాన్ని కూర్చోనీవే” అంది అమ్మ, పులిహోర డబ్బా మూత తీస్తూ.

కూర్చున్నాం. లారీలు పోతున్నాయి. జున్ను లేచి చెట్టు చుట్టూ కుంటుతూ తిరిగింది, ప్రతి ఊడ దగ్గరా ఆగుతూ. ఒకచోట ఎంతసేపు ఆగిందంటే నాకు విసుగొచ్చి ఫోన్ తీశా. ఇంకోచోట తవ్వబోయి, కాళ్ళు సహకరించక మానేసింది. ఎదురుగా బెండతోటలో ఎవరో మందు కొడుతున్నారు. చూడ్డానికి ఏమీ లేదక్కడ.

గంటన్నరకి అదే కారు దగ్గరికొచ్చి నిలబడింది. ఎక్కించి, వెనక్కి తిప్పా. అమ్మ ఏమీ అడగలేదు. ఫోటోలు ఐదారు తీశా గానీ అన్నిట్లోనూ దాని తోకే పడింది, మొహం వేళ్ళ మధ్యే ఉండిపోయింది.